లేని జలుబుకు పరామర్శలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ ఇబ్బంది అయినా సరే, దాని మీద ఒక సర్క్యులర్ తయారుచేసి, కింద సంతకం పెట్టి, గోడకి అంటిస్తే ఆగిపోతుందని. ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి అప్పటికి ఏడు నెలలు. కాలవలకి నీళ్ళు వదలడం, ఆపడం ఇంజనీర్లు చూసుకునేవారు. ఆ సంగతి ఎవరెవరికి తెలియజేయాలో ఆ కాగితాలు నేను చూసుకునేవాణ్ణి. (నీళ్ళు అసలు నా కాగితం వల్లే కదులుతున్నాయని లోపల్లోపల అనుకునేవాణ్ణి. ఇరవై మూడేళ్ళు, మరేమనుకుంటాను.) ఇది కరోనాకి చాలా ముందు సంగతి. మూతికి గుడ్డ కట్టుకుని ఇంట్లో తిరిగితే ఇరుగుపొరుగువాళ్ళు "పన్ను తీయించుకున్నారా అండి" అని అడిగే కాలం.

ఆ ఏడాది కార్తీకమాసం చివర్లో మా అక్కకి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. రాజమండ్రి ఆసుపత్రిలో పాపని మూడు వారాలు అద్దాలపెట్టెలో ఉంచి, మార్గశిరం చలిలో ఇంటికి పంపించారు. అప్పటికీ రెండు కిలోలు లేదు. బావగారి ఉద్యోగం తునిలో, ఆయన వీలైన ఆదివారాలు రైలెక్కి వచ్చి వెళ్ళేవారు. అంచేత పంపించే రోజున డాక్టరమ్మ గారు జాగ్రత్తలు చెప్పడానికి అమ్మనీ నాన్ననీ నాయనమ్మనీ నన్నూ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆవిడ మెల్లగా మాట్లాడే మనిషి. "ఈ చలికాలం జలుబు అంటకుండా దాటించండి, చాలు. మనకి జలుబంటే ముక్కు కారడమండి. ఈ పాపకి అది ఊపిరి మీదికొస్తుంది. మళ్ళీ ఇక్కడికి తీసుకురావలసి వస్తే ఈసారి నేను ఇంత ధైర్యంగా మాట్లాడలేకపోవచ్చు" అన్నారు. ఆ ఆఖరి మాట విన్నాక అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను జేబులోంచి పెన్ను తీశాను.

ఫ్లూ టీకా ఇంట్లో పెద్దవాళ్ళందరూ వేయించుకోవాలన్నారు. "పాపకా అండి?" అని నాయనమ్మ అడిగింది. "పాప మరీ చిన్నదండి, ఆరు నెలలు నిండాలి. మీకు రాకుండా ఉంటే పాపకి రాదు, అందుకని మీకే" అన్నారు డాక్టరమ్మ గారు. డెబ్భై ఎనిమిదేళ్ళ జీవితంలో సూదిమందంటే ఆమడ దూరం పరిగెత్తిన నాయనమ్మ ఇంకో మాట లేకుండా రవిక చెయ్యి పైకి మడిచింది. (నేను కళ్ళు మూసుకున్నాను. నాకు సూదంటే ఇప్పటికీ పడదు.)

ఇంటికి రాగానే సర్క్యులర్ తయారుచేశాను. 'విషయం: శీతాకాలమున కుటుంబమునందు జలుబు, ఫ్లూ నివారణ చర్యలు – గురించి' అని మొదలుపెట్టి, డాక్టరమ్మ గారు పది నిమిషాల్లో మామూలు మాటల్లో చెప్పిందంతా అయిదు నంబర్ల కింద ఎవరికీ అర్థం కాని భాషలోకి మార్చాను. సబ్బుతో చేతులు కడగనిదే ఎవరూ పాపను తాకరాదు. ముద్దులు పెట్టరాదు. పాప నోట్లో తల్లిపాలు తప్ప మరేదీ వేయరాదు. నాలుగోది, జలుబు ఉన్నవారు ఎంతటివారైనా వీధిగది దాటి లోనికి రారాదు. అయిదోది, సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చుట్టలు మొదలైన ఏ విధమైన పొగయూ ఇంటియందు నిషేధము. ఒక ప్రతి వంటింటి తలుపుకీ, ఇంకోటి చేతులు కడుక్కునే కుళాయి పైనా అంటించాను. హైస్కూలు మాస్టారుగా రిటైరైన మా నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, "ఉల్లంఘించినవారి మీద చర్య ఏంటో రాయలేదురా" అన్నారు. "అది విడిగా వస్తుంది నాన్నగారూ" అన్నాను, నవ్వకుండా.

చిక్కంతా అయిదో నంబరుతో వచ్చింది. నాయనమ్మ అయిదుగురు పిల్లల్నీ పదకొండు మంది మనవల్నీ సాంబ్రాణి పొగలోనే పెంచింది. నీళ్ళు పోశాక బాలింతకీ పసిబిడ్డకీ నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగ వేయకపోతే ఆవిడ దృష్టిలో ఆ స్నానం స్నానమే కాదు. "పొగ పడితేనే కదరా పిల్లకి రొంప పట్టనిది. దాన్నే మానెయ్యమంటే ఎలారా" అని రెండ్రోజులు నాతో వాదించింది. "ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు నాయనమ్మా, పొగ పడకూడదన్నారు" అని నేను నంబరు చూపించాను. మూడో రోజున తనే సాంబ్రాణి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆ డాక్టరమ్మ నా మనవరాలి వయసుది. అయినా పెద్ద చదువు చదివింది, మనం చదవలేదు. నీ బీరువాలో పెట్టేసుకో" అంది. అరవై ఏళ్ళ అలవాటుని ఒక మనిషి డబ్బాలో పెట్టి అప్పగిస్తే దాని బరువు నాకు తెలియలేదు. సర్క్యులర్ గెలిచిందని సంబరపడ్డాను.

నేను చేసిన హడావిడంతా పెత్తనమని ఇంట్లో అందరూ అనుకున్నారు. కొంత పెత్తనమే. మిగిలిందంతా భయం. ఆఫీసుకి వెళ్ళే ముందు రోజూ గది గుమ్మం దగ్గర నిలబడి, దుప్పటి కింద పాప పొట్ట పైకీ కిందకీ కదలడం కాసేపు చూసుకుని గాని చెప్పులు వేసుకునేవాణ్ణి కాదు. ఆఫీసులో మా సూపరింటెండెంటు గారికి దసరా నుంచి ఉగాది దాకా జలుబే. ఆయన తుమ్మి సంతకం పెట్టిన ఫైలుని నేను రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి, ఎండ తగిలే కిటికీలో కాసేపు ఆరబెట్టేవాణ్ణి. ఆయన చూసి, "మీరు చాలా పద్ధతైన మనిషండీ" అని మెచ్చుకున్నారు.

ఇంట్లోవాళ్ళు దారిలోకి వచ్చారు గాని, వచ్చేపోయేవాళ్ళతోనే ప్రాణసంకటం. మా వైపు మనుషులకి మర్యాద అంటే ఏమిటో తెలిసినవారికి నేను చెప్పనక్కర్లేదు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని 'రండి, కూర్చోండి, భోంచేసి వెళ్ళండి' అనే మూడు మాటలే మాకు వచ్చు. 'రావద్దండి' అనే మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు. మొదటి వారం ఎలాగో గడిచింది. వచ్చినవాళ్ళకి నేను చెంబుతో నీళ్ళూ సబ్బూ పట్టుకుని గుమ్మంలో ఎదురొస్తే, కాళ్ళు కడుక్కోమంటున్నాననుకుని పాదాలకి సబ్బు రాసుకున్న పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నారు. శుభ్రంగా కాళ్ళు కడుక్కుని, అవే చేతులు పంచెకి తుడుచుకుని, "ఏదీ మన బంగారుతల్లి" అంటూ లోపలికి బయల్దేరారు. పాప నిద్రపోతోందని అబద్ధమాడి గట్టెక్కాం.

రెండో వారం శనివారం పొద్దున్న మండపేట నుంచి మా అత్తయ్య ఫోన్ చేసింది. నాన్నగారికి అక్క, నాయనమ్మకి పెద్దకూతురు, మాటల్లోనూ మనసులోనూ పెద్ద చెయ్యి. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. "నాల్రోజుల నుంచి ఒకటే రొంపరా అబ్బాయి, తల పైకెత్తలేకపోతున్నాను. అయినా సరే, రేపు వచ్చి పిల్లని ఒళ్ళో వేసుకుంటే గాని నాకు తోచదు" అంది. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. "అమ్మా, నువ్వు చెప్పు, వద్దని." అమ్మ గరిటె కింద పెట్టింది. "ఇంటి ఆడపడుచురా. పుట్టింటికి రావద్దని నేను చెప్పానంటే ఇంకేమైనా ఉందా?" నాన్నగారి దగ్గరికి వెళ్ళాను. "అక్కతోనా? నేనా?" అని ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నాయనమ్మని అడగాలనే ఆలోచనే మాకు రాలేదు. కన్నకూతుర్ని రావద్దనమని తల్లిని ఎలా అడుగుతాం?

అప్పుడు వచ్చింది నాకు ఆ దివ్యమైన ఆలోచన. ఫోన్లో మా చుట్టాలందరూ ఉన్న గ్రూపులో ఇలా మెసేజి పెట్టాను. 'పాపకి కాస్త జలుబు చేసింది. డాక్టరు గారు ఎవరినీ దగ్గరికి రానివ్వవద్దన్నారు. దయచేసి కొన్నాళ్ళు ఎవరూ రావద్దని మనవి.' జలుబున్న ఇంటికి ఎవరొస్తారు, వాళ్ళ ప్రాణం మీద వాళ్ళకి తీపి ఉండదా అని నా లెక్క. ఎవరినీ నొప్పించకుండా ఒక్క మెసేజితో గోదావరికి ఆనకట్ట కట్టినంత తృప్తిగా అన్నం తిన్నాను. ఫోన్ లేని నాయనమ్మకి ఈ సంగతి చెప్పలేదు. ఆవిడకి చెప్తే కూతురికి చెప్పేస్తుందని భయం.

మన మనుషుల గురించి తెలియకపోవడమంటే అదీ. మన దగ్గర అంతా బాగుందని కబురొస్తే వీలున్నప్పుడు వస్తారు. ఒంట్లో బాగాలేదని తెలిస్తే మాత్రం వెంటనే వచ్చి పలకరించాలి. రాకపోతే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. అందులోనూ రావద్దని రాశానంటే పరిస్థితి చెప్పుకోలేనంత ముదిరిపోయిందని అందరూ అర్థం చేసుకున్నారు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి మండపేట కారు మా గుమ్మంలో ఆగింది. అత్తయ్య ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని దిగింది. చేతిలో పెద్ద సంచి. తమలపాకులు, వాము, శొంఠి, తులసి, వసకొమ్ము, కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె, ఆవిరి పట్టే మిషను. ఆవిడ వెనకాల మరో ఇద్దరు పిన్నులు. తొమ్మిదయ్యేసరికి, కారు చూసి సంగతి తెలుసుకుని, వీధిలో సగంమంది. తొమ్మిదింపావుకి మా సూపరింటెండెంటు గారు కూడా స్కూటరు దిగారు. (మా వీధిలోనే ఉండే అటెండరు చెప్పాడట.) "జలుబు సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదండీ. ఒకసారి పాపని చూస్తే చెప్పేస్తాను" అని గట్టిగా తుమ్మారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుని కూర్చోబెడుతూ, "గదిలో అక్క స్నానం చేస్తోందండి" అంటున్నాను. అరగంట నుంచీ అదే మాట చెప్తున్నాను. లోపల అక్క గడియ పెట్టేసుకుని, "ఒరే తమ్ముడూ, నేనెంతసేపు స్నానం చేయాలిరా" అని కిటికీలోంచి అడుగుతోంది.

నాయనమ్మ అప్పటికి పెరట్లో పాప గుడ్డలు ఎండలో ఆరేస్తోంది. అత్తయ్య ఇంటి పక్క సందులోంచి తిన్నగా అక్కడికే వెళ్ళి, "పిల్లకి రొంప ఎలా పట్టిందే అమ్మా?" అని అడిగేసిందట. కాసేపటికి వెనక నుంచి నా చొక్కా పట్టుకుని ఎవరో లాగారు. చూస్తే నాయనమ్మ. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, "నేనే చేశానురా" అంది. ఏమిటని అడిగాను. "శుక్రవారం మీరెవరూ లేనప్పుడు ఒక్క పిడికెడు సాంబ్రాణి వేశానురా. దేవుడి గదిలో ఇంకో పొట్లం ఉంది. మీ అక్క జుట్టు ఆరలేదు, చలికి వణుకుతోంది. పిల్లని ఇవతల గదిలోనే పడుకోబెట్టాను, పొగ అటు పోలేదనుకున్నాను. పోయింది కాబోలు. వద్దని అంత చెప్పినా విన్నాను కాదు." అంతవరకూ ఆవిడ తప్పు ఒప్పుకోవడం నేను చూసి ఎరగను. "మీ నాన్న కంటే ముందు నాకో మగపిల్లాడురా. వాడూ ఎనిమిదో నెలవాడే. చలికాలం దాటలేదు" అంది.

నాన్నగారికి ఒక అన్నయ్య ఉండేవాడన్న సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇంత ప్లాను వేసి అందరినీ తప్పించాననుకున్నవాణ్ణి, ఈ ఒక్క మనిషికి ఏమవుతుందో ఆలోచించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "నాయనమ్మా, పాపకి జలుబు లేదు. నేనే అబద్ధం రాశాను. అత్తయ్యకి రొంపగా ఉందని, రాకుండా ఉంటుందని రాశాను" అన్నాను. ఆవిడ నమ్మలేదు. తన తల మీద నా చేత చెయ్యి వేయించి మళ్ళీ చెప్పించింది. అదీ చాల్లేదు. కుళాయి కింద మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని, అక్క చేత గడియ తీయించి లోపలికి వెళ్ళి, పాప దగ్గర వంగి ఊపిరి విని, నుదురు ముట్టుకుని చూసి బయటికి వచ్చింది. వచ్చి నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది. "నా జన్మలో అబద్ధమని తెలిసి ఇంత సంతోషపడింది ఇదొక్కసారేరా వెధవా" అంది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, కొంగు సర్దుకుని, వీధి అరుగు మీదికి నడిచింది.

అరుగు మీద ఇరవై మంది దాకా ఉన్నారు. నాయనమ్మ స్తంభం పట్టుకుని నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడింది. "మా పిల్ల మీద అభిమానంతో ఇంతమంది వచ్చారు, మాకు సంతోషమండి. పిల్లకి రొంపా లేదు, ఏమీ లేదు. మీరెవరూ రాకుండా ఉండాలని మా వాడు అబద్ధం చెప్పాడు. తప్పే చేశాడు. భయపడి చేశాడు. ఎనిమిదో నెల పిల్లండి, రెండు కిలోలు లేదు, రొంప అంటితే మళ్ళీ ఆసుపత్రే అన్నారు. మీలో ఎవరికి రొంపుందో నేను అడగను. ఎండలు ముదిరాక రండి, నేనే మీ ఒళ్ళో పడుకోబెడతాను. ఇప్పుడు మటుకు గదిలోకి ఎవరూ రావద్దు. కూర్చోండి, కాఫీ తాగి వెళ్దురుగాని." మేం ముగ్గురం కలిసి చెప్పలేని మాట ఆవిడ అరనిమిషంలో చెప్పేసింది, పైగా ఎవరినీ కాఫీ తాగకుండా వెళ్ళనివ్వలేదు.

నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. ఈ దెబ్బతో చుట్టాలందరితో మాటలు పోయినట్టే అనుకున్నాను. ముందుగా అత్తయ్యే నోరు విప్పింది. "ఈ మాట నిన్న ఫోన్లో చెప్తే నేను రానుగా అమ్మా. పిల్ల కంటే ఎక్కువా ఏంటి నాకు?" అని, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి అరుగు చివర గేటు దగ్గర వేసుకుని కూర్చుంది. మిగిలినవాళ్ళు కూడా "అవునండి, ముందే చెప్పొచ్చుగా" అంటూ వెనక్కి జరిగారు. సూపరింటెండెంటు గారు కాఫీ గ్లాసు పుచ్చుకుని స్కూటరు దగ్గరికి వెళ్ళి, అక్కడే నిలబడి తాగారు. ఎవరికీ కోపం రాలేదు. చెప్పడానికి మేం పడ్డ అవస్థలో పదో వంతు కూడా వినడానికి వాళ్ళు పడలేదు. వెళ్ళేముందు అక్క కిటికీ దగ్గర పాపని ఎత్తి చూపిస్తే, అత్తయ్య రోడ్డు మీద నుంచే చూసి, "ముక్కు మా నాన్నదే" అని కళ్ళు ఒత్తుకుని కారెక్కింది. సంచి మాత్రం నా చేతిలో పెట్టింది.

దాని అవసరం నాకే పడింది. గుమ్మంలో అంతమంది చేతులూ పట్టుకుని కూర్చోబెట్టింది నేనేగా. మంగళవారానికల్లా ముక్కు, గొంతు, తల అన్నీ పట్టేశాయి. పొద్దున్న నేను తుమ్మిన తుమ్ముకి నాయనమ్మ వంటింట్లోంచే, "నాలుగో నంబరురా అబ్బాయి" అంది. పదకొండు రోజులు వీధిగదిలో ఉన్నాను. నా కంచం, నా గ్లాసు నాయనమ్మ విడిగా పెట్టి, గుమ్మం బయట నుంచే జరిపేది. మిరియాల చారూ శొంఠికాఫీ మాత్రం ఏ పూటా తప్పలేదు. సాంబ్రాణి రెండో పొట్లం కూడా ఒకరోజు ఆ కంచంతో పాటే వచ్చింది.

ఫాల్గుణంలో పాపని తూకం వేయించడానికి రాజమండ్రి తీసుకెళ్ళాం. నాలుగున్నర కిలోలు. డాక్టరమ్మ గారు ఊపిరి విని, గొట్టం మెడలో వేసుకుని, "ఒక్కసారి కూడా జలుబు చేయలేదా అండి?" అని అడిగారు. లేదన్నాం. "చాలా బాగా చూసుకున్నారు. ఎవరండీ ఇంత జాగ్రత్త తీసుకున్నది?" అన్నారు. నాయనమ్మ వెంటనే నా భుజం మీద చెయ్యి వేసి, "మా మనవడండి. వీడే అందరినీ కట్టడిలో పెట్టాడు" అంది. ఆ చలికాలం తన అరవై ఏళ్ళ అలవాటుని మానుకున్నదీ, కన్నకూతుర్ని గుమ్మంలోంచి తిప్పి పంపినదీ ఆవిడ. నేను గొంతు సవరించుకుని, "మన డ్యూటీ మనం చేయాలి కదండీ" అన్నాను.

పాపకి ఇప్పుడు ఆరో తరగతి. నాయనమ్మ పోయి నాలుగేళ్ళయింది. చలికాలం మొదట్లో నా పిల్లల్ని టీకాకి తీసుకెళ్ళి ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా, ఆవిడ చెయ్యి భుజం మీద ఉండగా ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాడు కళ్ళకి కడతాడు. వాడి పక్కకి వెళ్ళి, "ఒరేయ్, నువ్వు కాదురా, ఆవిణ్ణి చూపించు" అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు లెండి వాడు.